దిబ్బ ఎక్కే ఇసుక

"అన్నీ ఆపేశాను కదా అయ్యవారూ, మరి లోపల ఏదో అడ్డం పడినట్టు ఎందుకుంది?"

రాఘవులు మాస్టారు ఈ ప్రశ్న వేసింది ఒక ఆదివారం ఉదయం, పెంచలయ్య గారి వసారాలో. అడిగిన తీరు లెక్కల మాస్టారి తీరే. సూత్రం సరిగ్గా వేసి, మెట్లన్నీ వరసగా రాసి, చివరికి జవాబు తప్పొస్తే అందులో తన తప్పేముందని నిలదీసినట్టు అడిగారు.

పెంచలయ్య గారు కాషాయం కట్టరు, గడ్డం పెంచరు. సముద్రపు ఒడ్డున, మా ఊరి పక్కనున్న తెల్ల ఇసుక కార్ఖానాలో ముప్పై నాలుగేళ్ళు పంపుల ఫిట్టరుగా చేసి, మోకాళ్ళు అరిగాక ఇంటి పట్టున కూర్చున్నారు. తన గురువు దగ్గర విన్నదీ, తన చేతులు నేర్చుకున్నదీ కలిపి మాబోటి ఏడెనిమిది మంది సంసారులకు ఆదివారాల్లో చెబుతారు. చెబుతారు అనడం కూడా సరి కాదు. ప్రశ్న వేసినవాణ్ణి ఏదో ఒక పనిలోకి దించడం ఆయన అలవాటు. కోపం తగ్గే మార్గం చెప్పమని నేనొకసారి అడిగితే నాలుగు శేర్ల ఉలవల్లో రాళ్ళు ఏరించారు. రాళ్ళు పోయాయి గానీ కోపం పోలేదు, పైపెచ్చు నడుం పట్టేసింది. నా పేరు మస్తానయ్య, కుట్టుపని నా వృత్తి. చూసింది చూసినట్టు చెప్పడం తప్ప వేదాంతం నాకు ఒంటబట్టలేదు.

రాఘవులు మాస్టారి భార్య ప్రభావతమ్మ గారు పోయి అప్పటికి రెండేళ్ళు. జ్వరమని ఆసుపత్రిలో చేరిన మనిషి తొమ్మిదో రోజుకి లేదు. పెద్దకర్మ నాడు భోజనాల దగ్గర బంధువులు మాస్టారి చుట్టూ చేరారు. "చాలు, ఇక ఆపండి. ఇంటికి పెద్ద దిక్కు మీరే ఇట్టా కూలబడితే ఆడపిల్ల ఏమైపోవాలి? నలుగురూ చూస్తే ఏం బాగుంటుంది?" అన్నారు. లోకంలో ఈ మాట అందరికీ చెబుతారు. ఎవరూ దాన్ని అక్షరాలా పాటించరు కాబట్టి బతికిపోతారు. మన మాస్టారు పాటించారు. ఆ పూట నుంచి కంట చుక్క లేదు. ఆమె చీరలు మూటగట్టి ఎవరికో ఇచ్చేశారు. ఫోటో బీరువాలో పెట్టి తాళం వేశారు. ఇంట్లో అమ్మ మాట ఎత్తకూడదని కూతురు లిఖితకి గట్టిగా చెప్పారు. తెల్లవారుజామున లేచి వెయ్యి జపం మొదలుపెట్టారు. వెయ్యి అంటే వెయ్యే, తొమ్మిది వందల తొంభై తొమ్మిది కాదు.

"మొదట్లో గంటలో అయిపోయేది అయ్యవారూ," అన్నారాయన. "ఇప్పుడు రెండు గంటలు కూర్చున్నా నూరు దాటడం లేదు. ఇక్కడ పట్టేస్తోంది." రొమ్ము మీద చెయ్యి వేసుకుని చూపించారు. "వెయ్యి చాలక ఇట్టా అవుతుందేమో. రెండు వేలు చెయ్యమంటారా?"

పెంచలయ్య గారు రెండు వేల సంగతి ఎత్తలేదు. "బిడ్డ ఎట్టుండాది?" అని అడిగారు.

"బాగానే ఉంది. పదో తరగతి పాసైంది. రేపు పొద్దున కావలి పోతోంది. వాళ్ళ అమ్మమ్మ దగ్గరుండి కాలేజీలో చేరుతుందట."

"మీ ఊళ్ళో కాలేజీ లేదా?"

"ఉంది. మా స్కూలుకి ఎదురుగానే."

"మరి అంత దూరం దేనికి?"

మాస్టారు చాప అంచున లేచిన ఈనెను కాసేపు పీకారు. "నేనూ అదే అడిగాను," అన్నారు చివరికి. "అక్కడైతే అమ్మ గురించి మాట్లాడుకోవచ్చు నాన్నా, అంది."

నాకు ఒళ్ళు మండింది. ప్రభావతమ్మ గారికి పద్నాలుగేళ్ళు జాకెట్లు కుట్టినవాణ్ణి నేను. ఆది జాకెట్టు చేతిలో పెట్టి, "మస్తానయ్యా, ఈసారన్నా చేతులు పొట్టి చెయ్యబాక" అని నవ్వేది. నేను ప్రతిసారీ పొట్టే చేసేవాణ్ణి, ఆమె ప్రతిసారీ నవ్వేది. అట్లాంటి మనిషి పేరు ఆ ఇంట్లో పలకడానికి లేదంటే, ఈ జపం ఎవరిని ఉద్ధరించడానికని నోటిదాకా వచ్చింది. అడిగేవాణ్ణే. ఇంతలో కార్ఖానాలో పంపు చూసే దశరథ పరుగెత్తుకుంటూ వచ్చాడు. యాభై ఏళ్ళవాడు, ఒకప్పుడు పెంచలయ్య గారి చేతికింద పని నేర్చినవాడు.

"అయ్యా, పెద్ద లైను బిగిసిపోయింది. తెల్లారినకాడి నుంచి కొడతా ఉండాం, చుక్క కదల్లేదు. మీరొక్కసారి రావాల."

పెంచలయ్య గారు మోకాళ్ళు పట్టుకుని లేచారు. "మాస్టారూ, మీరు రండి. మస్తానూ, నువ్వు కూడా పదా," అన్నారు. ప్రశ్నకి జవాబు ఏమైందని మాస్టారు నా వైపు చూశారు. ఉలవలు ఏరినవాణ్ణి, నాకు తెలుసు. మాట్లాడకుండా నడవమని సైగ చేశాను.

ఆ కార్ఖానా చూడనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. కింద గుంటలో తవ్విన తెల్ల ఇసుకని నీళ్ళలో కలిపితే, పంపు ఆ రెంటినీ కలిపి పైపులోకి తోస్తుంది. జానెడు లావు పైపు. కొంత దూరం నేల మీద బారుగా పోయి, దిబ్బ మొదట్లో ఒక మలుపు తిరిగి, అక్కడి నుంచి ఆరు వందల అడుగులు వాలుగా పైకెక్కుతుంది. పైన జల్లెళ్ళున్నాయి. అక్కడ కడిగిన ఇసుక గాజు చేసేవాళ్ళకి పోతుంది. నీళ్ళకు ఎక్కడం తేలికే. ఇసుకకి మాత్రం ఎక్కుతున్నంతసేపూ వెనక్కి జారిపోవాలనే ఉంటుంది. నీళ్ళ వడి దాన్ని జారనివ్వదు, అంతే తేడా.

అందుకని అక్కడ ఒక కట్టుబాటుంది. పంపు ఆపాలంటే ముందు ఇసుక ఆపాలి, నీళ్ళు ఆపకూడదు. పైపులో దారిలో ఉన్న ఇసుకంతా పైకి చేరేదాకా వట్టి నీళ్ళు పోతూనే ఉండాలి. జల్లెడ దగ్గరి మనిషి తేట నీళ్ళు కనబడ్డాక తువ్వాలు ఊపుతాడు. అప్పుడే స్విచ్చి. మొత్తం పది నిమిషాల పని. శనివారం సాయంత్రం ఆ పది నిమిషాలే కరువయ్యాయి. యజమానుల వైపు నుంచి ఎవరో పెద్దమనుషులు చూడ్డానికి వచ్చారు. పంపు మోతలో మాటలు వినబడక వాళ్ళు మొహాలు చిట్లించారు. మేనేజరు చెయ్యి ఊపాడు, దశరథ స్విచ్చి తీసేశాడు. ఇసుకా, నీళ్ళూ, మోతా ఒక్కసారిగా ఆగిపోయాయి. వచ్చినవాళ్ళు ఎంత ప్రశాంతంగా ఉందో అనుకుంటూ కొబ్బరినీళ్ళు తాగి వెళ్ళిపోయారట.

పంపు దగ్గర నిలబడి దశరథ ఈ సంగతి చెబుతుంటే పెంచలయ్య గారు వాణ్ణి ఒక్క మాటా అనలేదు. నేనైతే అనేవాణ్ణి.

"పక్కన ఇంకో పంపు ఉంది కదా?" అన్నారు రాఘవులు మాస్టారు. లెక్క కనబడితే ఆయన ఊరుకోలేరు. "ఒక పంపు బలం చాలనప్పుడు రెండూ కలిపి తోస్తే కదలాలి."

"నేనూ అదే అనుకున్నా సార్," అన్నాడు దశరథ.

ఇద్దరూ పెంచలయ్య గారి వైపు చూశారు. "కలపండి," అన్నారాయన, దూరంగా పోయి ఒక ఇనప డ్రమ్ము మీద కూర్చుంటూ. "మస్తానూ, నువ్వు ఇటొచ్చెయ్."

రెండు పంపులూ కలిపారు. పైపు మూలిగింది. దాని మీద వాలిన కాకులు లేచిపోయాయి. నీళ్ళ ఒత్తిడి చూపించే ముల్లు ఎర్రగీత దాటింది. అంతే, మలుపుకి ఇవతల అతుకు దగ్గర రబ్బరు ప్యాకింగు తన్నుకుని ఊడిపోయింది. నీళ్ళు ఛళ్ళుమని లేచి మాస్టారిని నెత్తి నుంచి పాదాల దాకా తడిపేశాయి. దశరథ దూకి పంపులు ఆపాడు. లైను మాత్రం ఒక్క అంగుళం కదల్లేదు. నిజం చెప్పొద్దూ, నాకు కొంచెం సంతోషమే అయింది.

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డారు. "నాకు అర్థం కావడం లేదు అయ్యవారూ. నిన్న సాయంత్రం దాకా ఇదే పంపు ఇదే ఇసుకని ఎక్కించింది. ఆపితే ఎక్కడిది అక్కడే ఉండాలి కదా. ఇవాళ రెండు పంపులకీ లొంగకపోవడం ఏమిటి?"

"బారు పైపులో అయితే మీరన్నట్టే," అన్నారు పెంచలయ్య గారు. "ఉన్నకాడే కూచుంటది. మళ్ళా నీళ్ళొస్తే పైపైన లేస్తా లేస్తా పోతది. ఈ వాలు పైపుతోనే పేచీ. అడుక్కి దిగిన ఇసుకంతా, మంచం మీది దుప్పటి జారినట్టు, ఒక్కటిగా కిందకి జారి మలుపులో చేరతది. పై కొసన ఖాళీ. ఎక్కి చూసినోళ్ళకి పైపు శుభ్రంగా ఉండాది అనిపిస్తది. ఇంక కింద నుంచి ఎంత తోస్తే అంత బిగుస్తది."

"మరి దారి?"

"మలుపు కింద మూతపలక ఉండాది. విప్పండి. మీరే విప్పండి మాస్టారూ, దశరథకి భుజం నొప్పి."

దశరథకి ఏ నొప్పీ లేదు. వాడు నోరు తెరవబోతే నేను కాలు తొక్కాను.

ఎనిమిది బోల్టులు. ఉప్పుగాలికి తుప్పుపట్టి ఉన్నాయి. చాక్‌పీసు తప్ప మరొకటి ఎరగని ఆ చేతులు స్పానరు పట్టుకుని మధ్యాహ్నం దాకా పెనుగులాడాయి. రెండు వేళ్ళు చీరుకుపోయాయి. అన్నం వేళ దాటింది, ఆయన లేవలేదు. చివరి బోల్టు ఊడి, పలక పక్కకి తిరిగాక చూస్తే లోపల ఇసుక గోడ కట్టినట్టు నిలబడి ఉంది. ఒక గింజ కూడా రాలలేదు. ఇంత కష్టమూ దీనికా అన్నట్టు ఆయన దాని వైపు చూశారు. పెంచలయ్య గారు పైన జల్లెళ్ళ దగ్గరున్న తొట్టిలోంచి పైపులోకి నీళ్ళు వదలమని కేక వేయించి, మాస్టారి చేతికొక ఊచ ఇచ్చారు. "పొడవబాకండి. ఊరికే కదపండి, చాలు."

కదిపారు. ముందు దోసెడు రాలింది. ఆగింది. మళ్ళీ దోసెడు. ఇంకాసేపటికి లోపలెక్కడో గుడగుడమని, పై నీళ్ళు కిందికి దారి చేసుకున్నాయి. ఒక్కసారిగా ఇసుక బోర్లించినట్టు ఊడిపడింది. రాత్రంతా మగ్గిన నీళ్ళు కలిసి నల్లగా, వాసనతో, ఆయన పాదాల మీదుగా ఆవరణంతా పారింది. మేనేజరు గది గుమ్మంలోకి కూడా పోయింది. మేనేజరు పంట్లాము ఎత్తి పట్టుకుని, "ఇదేం రొచ్చయ్యా, ఎవరన్నా చూస్తే!" అన్నాడు. "చూడనీండి సార్," అన్నారు పెంచలయ్య గారు, నెమ్మదిగానే.

గంట గడిచింది. ఉరవడి తగ్గి, సన్నటి ధార వస్తోంది. మాస్టారు పలక అందుకున్నారు. "అయిపోయింది కదా, బిగించనా?"

"పైపు మీద చెయ్యి పెట్టి చూడండి."

మాస్టారు చెయ్యి పెట్టారు. నేనూ పెట్టాను. లోపల, మాకు చాలా ఎత్తున, ఇసుక ఇంకా సరసరా జారుతోంది. పైకి ఏమీ తెలియడం లేదు గానీ, అరచేతికి తెలుస్తోంది. నేను చెయ్యి తీసేశాను. మాస్టారు తియ్యలేదు. రెండో చెయ్యి కూడా ఆనించి, నుదురు ఆ తడి ఇనుముకి ఆనించి అట్లాగే నిలబడ్డారు.

"సాయంత్రం నేను స్కూలు నుంచి వచ్చే వేళకి," అన్నారు, పైపుతో చెబుతున్నట్టు, "వీధి గుమ్మంలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తూ ఉండేది. నన్ను చూసి లేచేది కాదు. నేను లోపలికి పోవడానికి కాళ్ళు మాత్రం ముడుచుకునేది. అంతే. పలకరింపు కూడా ఉండేది కాదు. రెండేళ్ళయింది అయ్యవారూ. ఇప్పటికీ ఆ గుమ్మం నేను సూటిగా దాటలేను. పక్కకి జరిగి, గోడ వారగా దాటుతున్నాను. కాళ్ళు తగులుతాయేమోనని."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోవలసిన అవసరం కనబడలేదు, దాచుకోలేదు. పొద్దుటి నుంచి ఆయన మీద పెంచుకున్న కోపం తలుచుకుంటే సిగ్గేసింది. ఆమె కావాలన్న కోరిక ఆయనలో చచ్చిపోయిందనుకున్నాను. అది చావలేదు. రోజూ సాయంత్రం ఐదింటికి గోడ వారగా నడుస్తోంది.

పెంచలయ్య గారు ఓదార్చలేదు. "ఈ మాట బిడ్డతో ఎప్పుడన్నా అన్నారా?" అని మాత్రం అడిగారు.

"లేదు. అమ్మ మాట ఎత్తొద్దని చెప్పినవాణ్ణి నేనే కదా."

అని, ఇసుక చేతులు చొక్కాకి తుడుచుకుని, ఆయనంతట ఆయనే ఫోను తీశారు. రెండుసార్లు తప్పు నొక్కి మూడోసారికి కలిపారు. చేతులు తడిగా ఉండటం వల్లో ఏమో స్పీకరు కూడా నొక్కుకుపోయింది, లిఖిత గొంతు మాకందరికీ వినబడింది. "చెప్పు నాన్నా. బట్టలు సర్దుకుంటున్నా."

లెక్క చెప్పేటప్పుడు ఖంగుమనే గొంతు మాస్టారిది. ఇప్పుడు ఎక్కడో అడుగున ఉంది. "మీ అమ్మ... సాయంత్రాలు గుమ్మంలో కాళ్ళు ముడుచుకునేది. నీకు గుర్తుందా అమ్మా?"

అవతల బట్టలు సర్దే చప్పుడు ఆగిపోయింది. ఫోను పెట్టేసిందేమో అనుకున్నాను.

"నువ్వు పక్కకి జరిగి దాటతావు గదా నాన్నా," అంది ఆ పిల్ల. "రోజూ చూస్తుంటా. నేనూ అట్టాగే దాటతా."

మాస్టారు ఆ బురదలోనే కూలబడి ఏడ్చారు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, ఇంతమందిలో, నోరు తెరుచుకుని ఏడ్చారు. ఫోను మాత్రం చెవి దగ్గర నుంచి తియ్యలేదు. అవతల పిల్ల కూడా ఏడుస్తూనే మాట్లాడటం మొదలుపెట్టింది. అమ్మ ఆసుపత్రిలో తనతో ఏమన్నదీ, జడ వేసుకుంటుంటే పాపిడి ఎందుకు వంకర పోతోందీ, అమ్మ చేసినట్టు చేపల పులుసు చెయ్యబోయి మూడుసార్లు పారబోసిందీ, ఒకటి చెబుతుండగానే ఇంకొకటి. దశరథ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని గుంట వైపు వెళ్ళిపోయాడు. మేనేజరు గది తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

పొద్దు వాలింది. మాస్టారి ఊరికి పోయే ఆఖరి బస్సు ఆరింటికి. అప్పటికి ఐదూ ముప్పావు. పిల్లకి రేపు పొద్దునే కావలి ప్రయాణం. ఇంటికి పోయి ఎదురెదురుగా కూర్చుంటే ఇంతకన్నా బాగా మాట్లాడుకోవచ్చు కదా అని నాకు తోచింది. బస్సు హారను కూడా వినబడింది. మెల్లిగా పెంచలయ్య గారి దగ్గరికి పోయి, "అయ్యవారూ, మాస్టారిని లేపనా? బస్సు వెళ్ళిపోతుంది," అన్నాను.

ఆయన నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"బస్సు పోతే పోనీ మస్తానూ," అన్నారు. "ఆ బిడ్డ రెండేళ్ళ నుంచి ఈ మాట కోసం నిలబడే ఉండాది."